పండ్ల చెట్లకు వచ్చే బాక్టీరియా తెగుళ్లను మేలు చేసే బాక్టీరియాతో అదుపు చేయడం ఎలా?

పండ్ల చెట్లకు శిలీంధ్రం వల్ల తెగులు వస్తే కొట్టడానికి మందులు చాలానే ఉన్నాయి. అదే బాక్టీరియా వల్ల వస్తే మన చేతిలో ఉన్నవి తక్కువే: రాగి మందులు, అనుమతి ఉన్న చోట ఒకటి రెండు యాంటీబయాటిక్స్, కొమ్మలు కత్తిరించే కత్తెర. రాగి మోతాదు మించితే లేత కాయల మీద గరుకు మచ్చలు పడతాయి, ఏళ్ల తరబడి కొడితే నేలలో పేరుకుపోతుంది. యాంటీబయాటిక్స్‌నేమో తెగులు బాక్టీరియా తట్టుకోవడం నేర్చేసుకుంటుంది. ఆపిల్, పియర్ చెట్లను మాడ్చేసే ఫైర్ బ్లైట్ బాక్టీరియా స్ట్రెప్టోమైసిన్‌కు లొంగడం మానేసిన సంగతి 1970ల మొదట్లోనే కాలిఫోర్నియా పియర్ తోటల్లో బయటపడింది.

అందుకే మేలు చేసే బాక్టీరియాను వాడే పద్ధతి మీద ఇంత ఆసక్తి. ఇది నిజంగా పనిచేస్తుంది. అయితే మామూలు మందు కొట్టినట్టు, తెగులు కనబడ్డాక కొడితే పనిచేయదు. ప్యాకెట్‌లో ఉన్నది ప్రాణమున్న జీవి. అది తెగులు బాక్టీరియా కంటే ముందు చెట్టు మీదకు చేరాలి, అక్కడ బతకాలి, పెరగాలి. కింద చెప్పే ప్రతి పనీ ఈ మూడింటిలో ఏదో ఒకదాని కోసమే.

1. ముందు తెగులు ఏదో తేల్చుకోండి

మచ్చ కనిపించగానే బాక్టీరియా అనుకోవద్దు. మచ్చలున్న లేత ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. బాక్టీరియా మచ్చ అయితే దాని అంచు నీటిలో నానినట్టు, నూనె అంటినట్టు కనిపిస్తుంది. చాలాసార్లు చుట్టూ పసుపు వలయం కూడా ఉంటుంది. ఫైర్ బ్లైట్ అయితే పూల గుత్తి ఒక్కసారిగా నల్లబడి ఎండిపోతుంది, రాలిపోదు. చిగురు కొన వంకీలా వంగిపోతుంది. తేమగా ఉన్న రోజున ఆ చిగురు మీద తేనె రంగులో జిగురు బొట్లు కనిపిస్తాయి. ఒక్కో బొట్టులో కోట్ల కొద్దీ బాక్టీరియా ఉంటుంది. అనుమానం ఉంటే ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. తెగులు పేరు తప్పితే తర్వాత చేసేదంతా వృథా.

తెగులు చెట్టులోకి ఎటు నుంచి వెళ్తుందో కూడా తెలుసుకోవాలి, ఎందుకంటే కాపలా పెట్టాల్సింది ఆ దారిలోనే. ఫైర్ బ్లైట్ ముఖ్యంగా పూల ద్వారా వస్తుంది. నిమ్మ జాతి గజ్జి తెగులు, దానిమ్మ బాక్టీరియా మచ్చ తెగులు లేత ఆకులు, కాయల మీద ఉండే సూక్ష్మ రంధ్రాల నుంచీ గాయాల నుంచీ దూరతాయి. పీచ్, బాదం, చెర్రీ చెట్లకు మొదలు దగ్గరా వేళ్ల మీదా కణితులు తెప్పించే క్రౌన్ గాల్ వేళ్ల గాయాల ద్వారా ఎక్కుతుంది.

ఒక తెగులును మాత్రం ఈ జాబితాలోంచి తీసేయండి. నిమ్మ జాతి చెట్లలో ఆకులు పసుపు మచ్చలు పడి చెట్టు క్రమంగా క్షీణించే గ్రీనింగ్ తెగులు బాక్టీరియా, ఆహారం ప్రవహించే నాళాల లోపల ఉంటుంది. దాన్ని సిల్లిడ్ అనే చిన్న పురుగు నేరుగా లోపలికి ఎక్కిస్తుంది. ఆకు మీద పిచికారీ చేసిన బాక్టీరియా అక్కడికి చేరదు. దానికి పురుగును ఆపడం, తెగులు లేని మొక్కలు నాటడమే దారి.

2. ఏ బాక్టీరియా ఎలా పోరాడుతుందో చూసి ఎంచుకోండి

దుకాణంలో అన్నీ ఒకే వరుసలో ఉంటాయి కానీ, అన్నీ ఒకే తీరుగా పనిచేయవు. కొట్టే రోజు కూడా అందుకే మారుతుంది.

సూడోమోనాస్ ఫ్లోరసెన్స్, పాంటోయా అగ్లోమెరన్స్ రకాలు చోటు ఆక్రమించి గెలుస్తాయి. పువ్వు మీద ఉండే చక్కెరలు, అమైనో ఆమ్లాలు ముందే తినేస్తాయి. తర్వాత వచ్చిన తెగులు బాక్టీరియాకు తిండి ఉండదు, నిలబడే చోటూ ఉండదు. ముందు వచ్చి కూర్చున్నవాడిదే సీటు అన్నట్టు ఉంటుంది వ్యవహారం. పాంటోయా దీనితోపాటు తెగులు బాక్టీరియాను చంపే యాంటీబయాటిక్ పదార్థాలను కూడా తయారుచేస్తుంది. కాలిఫోర్నియాలో పియర్ చెట్టు మీద నుంచి సేకరించిన సూడోమోనాస్ ఎ506, ఆపిల్ చెట్ల నుంచి తీసిన పాంటోయా ఇ325, సి9-1 ఈ కోవలో పేరున్న రకాలు. ఇవి పెరగడానికి టైం కావాలి కాబట్టి తెగులుకు కనీసం రెండు మూడు రోజుల ముందే చెట్టు మీద ఉండాలి.

బాసిల్లస్ సబ్టిలిస్, బాసిల్లస్ అమైలోలిక్విఫేసియన్స్ తీరు వేరు. పువ్వు మీద, అందులోనూ చల్లటి వాతావరణంలో, ఇవి అంత బాగా పెరగవు. వీటి బలమంతా అవి తయారుచేసే పదార్థాల్లో ఉంది. డిఫిసిడిన్, బాసిలైసిన్ అనే రెండు పదార్థాలు ఫైర్ బ్లైట్ బాక్టీరియాను అణచివేస్తాయని తేలింది. ఫ్యాక్టరీలో పెంచేటప్పుడే ఇలాంటి పదార్థాలు ద్రవంలోకి వచ్చేస్తాయి. అందుకే బాసిల్లస్ మందును ఇన్ఫెక్షన్‌కు అనువైన వాతావరణానికి ఒక రోజు ముందు కొట్టి, తర్వాత మళ్లీ మళ్లీ కొట్టాల్సి ఉంటుంది. దీనికో పెద్ద సౌకర్యం ఉంది: బాసిల్లస్ గట్టి పెంకున్న బీజాలుగా మారి నిద్రపోగలదు, నిల్వలో చాలాకాలం బతుకుతుంది. సూడోమోనాస్‌కు ఆ శక్తి లేదు. వేడిలో పెట్టిన సూడోమోనాస్ ప్యాకెట్ కొన్నాళ్లకు ఉత్త టాల్క్ పొడి.

మూడో దారి కూడా ఉంది. కొన్ని రకాలను వేళ్ల దగ్గర వేస్తే చెట్టు తన రక్షణ వ్యవస్థను ముందే మేల్కొలిపి ఉంచుకుంటుంది. నిజమే. కాకపోతే పెద్ద చెట్టులో, తెగులు ఉధృతంగా ఉన్న ఏడాదిలో దీని ఒక్కదాని మీదే ఆధారపడొద్దని నా సలహా. అదనపు బలంగా వాడుకోండి, చాలు.

రెండు మూడు రకాలు కలిపి కొడితే రెట్టింపు ఫలితం వస్తుందని చాలామంది అనుకుంటారు. అన్నిసార్లూ అలా జరగదు. ఎ506 రకం వదిలే ఒక ఎంజైమ్, పాంటోయా తయారుచేసే యాంటీబయాటిక్‌లలో కొన్నింటిని ముక్కలు చేసేస్తుందని పరిశోధనలో తేలింది. రెండూ మంచివే, కలిస్తే ఒకదాని ఆయుధాన్ని ఇంకొకటి పాడుచేస్తుంది. లేబుల్ మీద కలపొచ్చని ఉంటేనే కలపండి.

3. తోటలో తెగులు భారం తగ్గించండి

మేలు బాక్టీరియా కొద్దిపాటి శత్రువును ఆపుతుంది. వరదలా వచ్చిపడితే ఆపలేదు. కాబట్టి పూతకు ముందే, చెట్టు విశ్రాంతిలో ఉన్నప్పుడు, పాత పుండ్లున్న కొమ్మలు, ఎండిన గుత్తులు, మచ్చలున్న కాయలు తీసి తోట బయటకు పంపండి. పెరుగుదల కాలంలో ఫైర్ బ్లైట్ కొమ్మ తీయాల్సి వస్తే ఎండిన చోట కాకుండా, ఆరోగ్యంగా కనిపించే భాగంలో కనీసం 30 సెంటీమీటర్లు కిందికి వెళ్లి కోయండి. బాక్టీరియా అప్పటికే కంటికి కనపడకుండా ముందుకు వెళ్లి ఉంటుంది. కోతకూ కోతకూ మధ్య కత్తెరను 70 శాతం ఆల్కహాల్‌తో తుడవండి.

నత్రజని తగ్గించండి. విపరీతంగా లేత చిగుర్లు వేసే చెట్టును ఏ బాక్టీరియా కాపాడలేదు.

రాగి మందు కొట్టాలనుకుంటే ఇదే సమయం. మొగ్గ పగిలేటప్పుడు కొట్టిన రాగి, తర్వాత విచ్చుకునే పువ్వు లోపల ఉండదు కాబట్టి మేలు బాక్టీరియాకు హాని లేదు. పూత మీద రాగి కొట్టి, మర్నాడు సూడోమోనాస్ కొడితే మాత్రం డబ్బూ శ్రమా రెండూ పోయినట్టే.

4. ప్యాకెట్ చదివి కొనండి, లెక్క వేసుకోండి

చూడాల్సినవి నాలుగు: రకం పేరు, తయారీ తేదీ, గడువు తేదీ, సీఎఫ్‌యూ సంఖ్య. సీఎఫ్‌యూ అంటే గ్రాముకో మిల్లీలీటరుకో ఎన్ని బతికున్న బాక్టీరియా కణాలు ఉన్నాయన్నది. ఉత్త "సూడోమోనాస్" అని రాసి ఏ రకమో చెప్పకపోతే, అది మీ తెగులు మీద పనిచేస్తుందని నమ్మడానికి ఆధారం లేదు. ఒకే జాతిలో ఒక రకం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పక్క రకం అసలు చేయదు.

లెక్క ఇలా ఉంటుంది. ప్యాకెట్ మీద గ్రాముకు 1×10⁸, అంటే 10 కోట్లు అని ఉందనుకోండి. లీటరు నీటికి 10 గ్రాములు కలిపితే మొత్తం 100 కోట్లు. లీటరంటే 1000 మిల్లీలీటర్లు కాబట్టి మిల్లీలీటరుకు 10 లక్షలు వస్తాయి. అదే ప్యాకెట్ ఎండలో ఉండి గ్రాముకు 10 లక్షలకు పడిపోయి ఉంటే మీ ట్యాంకులో మిల్లీలీటరుకు 10 వేలే మిగులుతాయి. నీళ్ల రంగు ఒకటే, పొడి ఒకటే, బలం వందో వంతు. నిల్వ గురించి ఇంత పట్టుబట్టడానికి కారణం ఇదే. ప్యాకెట్‌ను చల్లగా, చీకట్లో ఉంచండి. ఫ్రిజ్‌లో పెట్టమని లేబుల్ చెబితే ఫ్రిజ్‌లోనే, అదీ గడ్డకట్టకుండా.

డ్రమ్ములో తీపి నీళ్లు కలిపి ఒక ప్యాకెట్‌ను పది ప్యాకెట్లు చేసుకోవచ్చని ఎవరైనా చెబితే, పూత మీద కొట్టడానికి మాత్రం ఆ పని చేయకండి. డ్రమ్ములో పెరిగేది మీరు వేసిన బాక్టీరియానే అన్న హామీ లేదు. పైగా మిగిలిన తీపి పువ్వు మీద పడితే తెగులు బాక్టీరియాకే తిండి పెట్టినట్టవుతుంది. నేలకు వేసేదైతే, బాగా మాగిన పశువుల ఎరువులో కలిపి, నీడలో, తేమ ఆరకుండా కొన్ని రోజులు ఉంచి పాదుల్లో వేసుకోవచ్చు.

5. నీళ్లు, ట్యాంకు

కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, బాక్టీరియాను చంపడమే దాని పని. బావి నీళ్లో వాన నీళ్లో వాడండి. కుళాయి నీళ్లు తప్పకపోతే మూత తీసి ఒక రోజంతా బయట ఉంచండి. క్లోరిన్‌కు బదులు క్లోరమైన్ వాడే చోట అలా ఉంచినా అది పోదు, అక్కడ వేరే నీళ్లు చూసుకోవాల్సిందే.

రాగి మందు పట్టిన ట్యాంకును మూడుసార్లు కడగండి. పైపులో, నాజిల్‌లో మిగిలిన అడుగు కూడా బయటకు పోవాలి. పొడిని ముందు చిన్న బకెట్లో కొద్ది నీళ్లతో జారుగా కలిపి, వడకట్టి, తర్వాత ట్యాంకులో పోయండి. కలిపింది కొన్ని గంటల్లోనే కొట్టేయాలి, రేపటికి దాచకూడదు. మాస్కు, చేతి తొడుగులు వేసుకోండి. చెట్టుకు మేలు చేసేదైనా ఊపిరితిత్తుల్లోకి, గాయాల్లోకి పోవడం మనకు మంచిది కాదు, అందులోనూ పాంటోయా విషయంలో.

6. పూత మీద కొట్టడం

గెలుపోటములు తేలేది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చూద్దాం.

విచ్చుకున్న ఆపిల్ పువ్వును దగ్గరగా పట్టుకుని మధ్యలోకి చూడండి. చుట్టూ కేసరాలు, నడుమ కీలం, దాని కొసల్లో తడితడిగా మెరిసే కీలాగ్రాలు. ఫైర్ బ్లైట్ బాక్టీరియాను తేనెటీగలు, ఈగలు తెచ్చి వదిలేది ఆ తడి మీదే. అక్కడ చక్కెర, తేమ రెండూ ఉంటాయి. వెచ్చగా ఉంటే ఒక్క పువ్వు కీలాగ్రాల మీద పది లక్షల దాకా పెరుగుతుంది. అప్పటికీ పువ్వుకు ఏమీ కాదు. వానో దట్టమైన మంచో పడినప్పుడు ఆ నీటితోపాటు జారి పువ్వు అడుగున తేనె ఊరే చోటికి చేరుతుంది. అక్కడి సన్నటి రంధ్రాల నుంచి లోపలికి పోతుంది. గుత్తి మాడటం మొదలయ్యేది అప్పుడే.

అంటే బాక్టీరియా పువ్వు మీదకు రావడానికీ లోపలికి పోవడానికీ మధ్య కొద్దిపాటి వ్యవధి ఉంది. మేలు బాక్టీరియా ఆ కీలాగ్రాల మీద ముందే నిండిపోతే తర్వాత వచ్చినదానికి పది లక్షలకు పెరిగే అవకాశం ఉండదు.

మొదటి పిచికారీ సుమారు 15 నుంచి 20 శాతం పూలు విచ్చుకున్నప్పుడు చేయండి. ఇంకా ముందు కొడితే దిగడానికి పూలే ఉండవు. అయితే ఆ రోజు మొగ్గలుగా ఉన్న పూల మీద అది పడదు కదా. తేనెటీగలు కొంత మోసుకెళ్తాయి, మొత్తం మోయవు. అందుకే 75 శాతం నుంచి నిండు పూత మధ్యలో రెండో పిచికారీ తప్పనిసరి. పూత చాలా రోజులు సాగితే మధ్యలో ఇంకొకటి. వాడిపోతున్న పూల మీద కొట్టి లాభం లేదు, వయసు మీరిన కీలాగ్రం మీద మేలు బాక్టీరియా కూడా సరిగా పెరగదు.

రోజూ వాతావరణం చూస్తూ ఉండండి. పూలు విచ్చుకుని ఉన్నాయి, కొన్ని రోజులుగా వెచ్చగా ఉంది, పూలు తడిసే వానో మంచో రాబోతోంది, ఆ రోజు సగటు ఉష్ణోగ్రత 15.6 డిగ్రీల సెల్సియస్ దాటేలా ఉంది: ఇవన్నీ ఒక్కసారి కలిస్తే ఫైర్ బ్లైట్‌కు తలుపులు తెరిచినట్టే. రేపే అలాంటి వాన ఉందని తెలిసి ఈ రోజు సూడోమోనాస్ కొడితే పెరగడానికి దానికి టైం చాలదు. ఆ పరిస్థితిలో బాసిల్లస్ మందో, అనుమతి ఉన్న చోట యాంటీబయాటిక్‌నో వాడటం తెలివైన పని. ఎ506 స్ట్రెప్టోమైసిన్‌ను తట్టుకుంటుంది కాబట్టి ముందు అది కొట్టి ఉంచి, ప్రమాదం మరీ దగ్గరపడినప్పుడు స్ట్రెప్టోమైసిన్ వాడినా పువ్వు మీది కాపలా చెదరదు. అలా చేస్తే యాంటీబయాటిక్ వాడకం కూడా తగ్గుతుంది.

సాయంత్రం కొట్టండి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు బాక్టీరియాను చంపుతాయి, గాలి తడిని ఆరబెట్టేస్తుంది. సాయంత్రం కొడితే రాత్రంతా చల్లగా, తేమగా ఉంటుంది. నాజిల్ సన్నటి తుంపర వచ్చేలా పెట్టి, పూల ముఖాల మీద పడేలా, కొమ్మ లోపలి వైపు గుత్తులు కూడా వదలకుండా తిరగండి. పూత పలచన చేయడానికి లైమ్ సల్ఫర్ (సున్నం, గంధకం కలిపి చేసిన మందు) కొట్టే తోటల్లో ఆ పని ముందు ముగించి, తర్వాతే మేలు బాక్టీరియా కొట్టాలి. లైమ్ సల్ఫర్ దాన్ని కూడా చంపేస్తుంది.

7. చిగుర్లు, లేత కాయల మీద

నిమ్మ గజ్జి, దానిమ్మ మచ్చ తెగుళ్ల విషయంలో పువ్వులాంటి తిండి దొరికే చోటు ఉండదు. ఆకు మీద తిండి తక్కువ, ఎండ ఎక్కువ, అందుకే మేలు బాక్టీరియా త్వరగా తగ్గిపోతుంది. ఇక్కడ పూర్తి రక్షణ ఆశించవద్దు. బాసిల్లస్ రకాలను చిగురు విచ్చుకున్నప్పటి నుంచి ఆకు ముదిరేదాకా లేబుల్ చెప్పిన వ్యవధిలో మళ్లీ మళ్లీ కొట్టండి. కాయ పెరిగే మొదటి రెండు మూడు నెలలూ జాగ్రత్త పడాలి. రాగితో మార్చి మార్చి వాడాలంటే మీ బాసిల్లస్ రకం రాగిని తట్టుకుంటుందో లేదో లేబుల్‌లో చూడండి. నిమ్మలో ఆకుముడత పురుగు చేసే సొరంగాలు గజ్జికి నేరుగా దారి వేస్తాయి, కాబట్టి పిచికారీ ఎంత ముఖ్యమో ఆ పురుగును ఆపడం కూడా అంతే ముఖ్యం. ఈదురుగాలితో కూడిన వాన ఈ తెగుళ్లను తోటంతా చల్లుతుంది, గాలికి అడ్డంగా చెట్ల వరుస పెంచడం చాలా సాయపడుతుంది.

8. నాటే ముందు వేళ్లను ముంచడం

మేలు బాక్టీరియా మీద నమ్మకం కలగాలంటే క్రౌన్ గాల్ కథ చూడాలి. ఈ తెగులు బాక్టీరియా తన డీఎన్‌ఏ ముక్కను చెట్టు కణాల్లోకి ఎక్కిస్తుంది. కణితి పెరుగుతుంది, ఆ కణితి బాక్టీరియాకు మాత్రమే పనికొచ్చే ప్రత్యేకమైన తిండిని తయారుచేస్తుంది. ఆస్ట్రేలియా శాస్త్రవేత్త అలెన్ కెర్ 1970లలో దీనికి దగ్గరి బంధువే అయినా తెగులు తేలేని కె84 రకాన్ని వెలుగులోకి తెచ్చారు. అది ఆగ్రోసిన్ 84 అనే పదార్థాన్ని వదులుతుంది. తెగులు బాక్టీరియా దాన్ని తన తిండే అనుకుని లోపలికి పీల్చుకుంటుంది. లోపలికి వెళ్లాక అది ప్రోటీన్ల తయారీని ఆపేసి బాక్టీరియాను చంపుతుంది. తర్వాత వచ్చిన కె1026 రకంలో, ఆ విషాన్ని తట్టుకునే జన్యువులు తెగులు బాక్టీరియాకు చేరకుండా బదిలీ భాగాన్ని తీసేశారు.

చేసే పని తేలికే. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కల్లో కణితి ఉన్నవి పక్కన పెట్టండి, వాటిని ఏదీ బాగుచేయదు. క్లోరిన్ లేని నీళ్లలో లేబుల్ ప్రకారం కలిపి, వేళ్లు, అంటు కట్టిన చోటు మునిగేలా ముంచి వెంటనే నాటండి. వేళ్లు కత్తిరించాల్సి ఉంటే కత్తిరించిన వెంటనే ముంచాలి. గాయం తెరుచుకుని ఎక్కువసేపు నేలకు తగిలితే తెగులే ముందు చేరుతుంది. ముంచిన మొక్కలను ఎండలో పెట్టకండి. ద్రాక్షకు మాత్రం ఇది పనిచేయదు. ద్రాక్ష మీది తెగులు రకాలు వేరు, అవి ఆగ్రోసిన్‌ను పీల్చుకోవు.

9. పనిచేసిందో లేదో చూసుకోండి

ఒక వరుసకు కొట్టకుండా వదిలేయండి. గట్టు పక్క వరుస కాకుండా, మిగతా తోటలాగే ఉన్న వరుసను ఎంచుకోండి. పూత ముగిసిన రెండు మూడు వారాలకు కొట్టిన వరుసలో 100 గుత్తులు, కొట్టని వరుసలో 100 గుత్తులు లెక్కించండి. కొట్టని వరుసలో 20 మాడి, కొట్టిన వరుసలో 10 మాడితే తెగులు సగానికి తగ్గినట్టు. ఈ పద్ధతికి అది మంచి ఫలితమే. రెండు చోట్లా ఒకే సంఖ్య వస్తే రకం మార్చే ముందు మీరు వివరాలు రాసుకున్న పుస్తకం తెరవండి: పూత శాతం, కొట్టిన తేదీ, వాన పడ్డ తేదీ, ప్యాకెట్ తయారీ తేదీ. వానకూ పిచికారీకీ మధ్య రెండు రోజుల కంటే తక్కువ ఉంటే, వచ్చే పూతకు అదే రకాన్ని ముందుగా కొట్టి చూడండి. తేదీలన్నీ సరిగా ఉండి కూడా తేడా రాకపోతే, అప్పుడు ఇంకో రకానికి మారండి.